మొదటి బిడ్డకి కారు సీటు, స్ట్రోలర్: అందరూ అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లోనో ఆఫీసులోనో ఎవరైనా నీళ్లోసుకున్నారంటే ఏడో నెల దాటగానే నాకు ఫోనొస్తుంది, "అక్కా, ఆ కారు సీటు సంగతి కాస్త చెప్పవా" అని. చెప్పిందే చెప్పి, వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పంపి విసుగొచ్చి, మొత్తం ఒకచోట రాసి పెట్టేశాను. కారు సీటంటే కారులో బిగించి, బిడ్డని పట్టీలతో కూర్చోబెట్టే చిన్న సీటు. స్ట్రోలర్ అంటే బిడ్డని పెట్టి తోసుకెళ్లే చక్రాల బండి. మేముండేది హైదరాబాదులో, మూడో అంతస్తు అపార్ట్‌మెంటు, చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు. నా పుట్టిల్లు విజయవాడ. పాపకి ఇప్పుడు రెండున్నరేళ్లు. మీకు ఏ డౌటు ఉందో నేరుగా అక్కడికే వెళ్లండి, వరసగా చదవక్కర్లేదు.

## కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నప్పుడు

అమ్మ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది కదా, చాలదా?

చాలదు. మనందరం అమ్మల ఒళ్లోనే తిరిగి పెరిగాం, నిజమే, కానీ అప్పటి రోడ్లూ అప్పటి వేగాలూ వేరు. ఒక చిన్న లెక్క చూడండి. నాలుగు కిలోల పాప, కారు గంటకి 50 కిలోమీటర్ల మీద ఉంది, దేన్నో గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోయింది. ఆ క్షణంలో పాపని పట్టుకున్న చేతుల మీద పడే లాగుడు దాదాపు 55 కిలోల బరువంత. అంటే 25 కిలోల బియ్యం బస్తాలు రెండూ ఒకేసారి ముందుకి ఎగిరితే వాటిని ఆపినట్టు. ఎంత ప్రేమ ఉన్నా ఏ అమ్మమ్మ చేతులూ ఆపలేవు. ఒళ్లో పెట్టుకున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే వాళ్ల బరువు కూడా పాప మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టడం ఇంకా ఘోరం, పెద్దవాళ్ల శరీరానికీ బెల్టుకీ మధ్య బిడ్డ నలిగిపోతుంది.

పుట్టకముందు ఏమీ కొనకూడదని అత్తగారు అంటున్నారు. ఏం చెయ్యను?

గొడవ పెట్టుకోకండి, ఆ టైములో అనవసరమైన టెన్షన్. ఏ సీటు కావాలో ముందే తేల్చుకోండి, కారులో పెట్టి చూడండి, కొని వేరేవాళ్ల ఇంట్లో ఉంచండి. మాది మా తోడికోడలు వాళ్లింట్లో అట్టపెట్టెలోనే ఉంది, మా అత్తగారికి తెలుసు, కానీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: మీ ఆయన ఆ సీటుని కారులో కనీసం రెండుసార్లు బిగించి, విప్పి చూసి ఉండాలి. డిశ్చార్జి రోజు హాస్పిటల్ పార్కింగులో వెనక హారన్లు మోగుతుంటే సీటుతో వచ్చిన పుస్తకం తెరిచి చదవడం ఎవరివల్లా కాదు.

చట్టం ప్రకారం తప్పనిసరా?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 194బి అనే సెక్షన్ ఉంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని సీటు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా కారులో తీసుకెళ్తే 1000 రూపాయల జరిమానా. పసిబిడ్డకి కారు బెల్టు ఎలాగూ సరిపోదు కాబట్టి మిగిలింది పిల్లల సీటే. దీనికోసం పోలీసులు బండి ఆపగా నేనైతే చూడలేదు.

కారు సీటు, స్ట్రోలర్ రెండిట్లో ఒకటే కొనగలిగితే?

కారు సీటు. స్ట్రోలర్ చేసే పని చేతులు చేస్తాయి, తాతయ్య భుజం చేస్తుంది, గుడ్డ క్యారియర్ చేస్తుంది. కారు సీటు చేసే పని ఇంకేదీ చెయ్యదు.

మాకు కారే లేదు, క్యాబుల్లోనే తిరుగుతాం. మాకెందుకు?

మీకే ఎక్కువ కావాలి. హ్యాండిల్ పట్టుకుని మోసుకెళ్లే బుట్టలాంటి సీటు తీసుకోండి, దాన్ని ఏ కారులోనైనా వెనక సీట్లో మూడు చోట్ల పట్టే మామూలు బెల్టుతో కట్టొచ్చు. చిక్కల్లా ఎక్కడంటే, చాలా క్యాబుల్లో సీటు కవరు వేసి బకిళ్లని కిందకి తొక్కేస్తారు. బెల్టు బయటికి వస్తుంది, దాన్ని గుచ్చడానికి చోటుండదు. నేను ఎక్కేముందే డ్రైవరుకి ఫోన్ చేసి "అన్నా, వెనక బెల్టు బకిల్ పైకి తీసి ఉంచండి, చంటిపాప ఉంది" అని చెప్పేదాన్ని. పదిమందిలో తొమ్మిదిమంది తీసి పెట్టేవాళ్లు, కొందరైతే అసలు ఆ బకిల్ ఉందని అప్పుడే చూశామనేవాళ్లు.

ఆటోలో ఏ సీటూ కట్టడానికి వీలుండదు. బైకు సంగతికొస్తే, 2023 ఫిబ్రవరి 15 నుంచి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లలకి నడిపేవాళ్లతో కలిపి కట్టే పట్టీ, హెల్మెట్ ఉండాలని, వేగం 40 దాటకూడదని రూలు ఉంది. తొమ్మిది నెలల లోపు బిడ్డని బైకు మీద అసలు ఎక్కించొద్దు, టీకాకి వెళ్లడానికైనా సరే.

## ఏ సీటో తేల్చుకునేటప్పుడు

బుట్టలా ఉండేది మంచిదా, పెద్ద సీటు మంచిదా?

బుట్ట రకం పుట్టినప్పటి నుంచి 13 కిలోల వరకు అని రాస్తారు, కానీ చాలామంది పిల్లలకి బరువు కంటే ముందు పొడవు చాలదు. తల పైభాగం సీటు అంచుకి వచ్చేసిందంటే దాని పని అయిపోయినట్టే, అది ఏడాది అటూ ఇటూగా జరుగుతుంది. ఈ రకంలో సుఖమేమిటంటే నిద్రపోయిన పాపని లేపకుండా సీటుతో సహా ఇంట్లోకి తెచ్చుకోవచ్చు, కారు మారితే సీటూ మారుతుంది. రెండో రకం కారులోనే ఉండిపోతుంది, మొదట వెనక్కి చూసేలా, పెద్దయ్యాక ముందుకి తిప్పేలా, 18 కిలోల దాకా వచ్చేవీ 36 దాకా వచ్చేవీ ఉన్నాయి.

సొంత కారు ఒకటే, డబ్బు ఒక్కసారే పెట్టాలి అనుకుంటే రెండోది. క్యాబులు, నాన్నగారి కారు, తమ్ముడి కారు అని మారుతుంటే మొదటిది. రెండో రకం కొనేటప్పుడు ఒకటి చూడండి, "పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల వరకు" అని అట్టపెట్టె మీద ఉన్నంతమాత్రాన మూడు కిలోల బిడ్డ అందులో ఇమడదు. భుజం పట్టీలు బయటికొచ్చే అన్నిటికంటే కింది రంధ్రం బిడ్డ భుజానికి సమానంగా గానీ కాస్త కిందగానీ ఉండాలి. షాపులో బొమ్మ ఉంటే కూర్చోబెట్టి చూడండి, లేకపోతే స్కేలు తీసుకెళ్లండి. సీటు అడుగు నుంచి ఆ రంధ్రం ఎంత ఎత్తులో ఉందో మేం కొలిచే కొన్నాం, షాపువాళ్లు వింతగా చూశారు, చూడనివ్వండి.

క్యారీకాట్ ఒకటి బహుమతిగా వచ్చింది, కారులో వాడొచ్చా?

తిప్పి చూడండి. భద్రతా ప్రమాణం పేరున్న స్టిక్కరూ, కారు బెల్టు ఏ దారిన పోవాలో చూపే గుర్తులూ ఉంటే అది కారు సీటు. లేకపోతే అది ఉత్త బుట్ట, ఇంట్లో ఎండపొడ చూపించడానికి వాడుకోండి.

లేబుల్ మీద ఏం చూడాలి?

మన దగ్గర దొరికే మంచి సీట్ల వెనకో కిందో నారింజ రంగు స్టిక్కర్ ఉంటుంది. దాని మీద గుండ్రని గీతలో ఇంగ్లీషు 'E' అక్షరం, పక్కన ఒక అంకె. ఆ అంకె ఏ దేశం ఆమోదించిందో చెబుతుంది, 1 అంటే జర్మనీ, 4 అంటే నెదర్లాండ్స్. ఈసీఈ ఆర్44 (యూరప్ నుంచి వచ్చిన పాత భద్రతా ప్రమాణం) అని ఉంటే ఆమోదం నంబరు 04తో మొదలవ్వాలి, అది ఆ ప్రమాణంలో ఆఖరి రూపం. ఆర్129 అని ఉంటే ఇంకా కొత్తది, 2013 నుంచి అమల్లో ఉంది, అందులో బరువుతో కాకుండా పొడవుతో లెక్క, పక్క నుంచి గుద్దుకునే పరీక్ష కూడా చేస్తారు. మన దేశపు ప్రమాణం ఏఐఎస్-072. వీటిలో ఏదీ లేకుండా "యూరోపియన్ స్టాండర్డ్" అని ఊరికే అచ్చువేసి ఉంటే నేనైతే కొనను, ఎంత తక్కువకి ఇచ్చినా సరే.

ఐసోఫిక్స్ ఉన్నదే కావాలా?

ఐసోఫిక్స్ అంటే కారు బెల్టుతో పనిలేకుండా, కారులోనే ఉండే ఇనుప కడ్డీలకి సీటుని తగిలించే పద్ధతి. ముందు మీ కారులో ఉందో లేదో చూసుకోండి. వెనక సీట్లో వీపు ఆనే భాగానికీ కూర్చునే భాగానికీ మధ్య సందులో వేళ్లు పెట్టి తడిమితే చల్లగా రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి, వాటి మధ్య దూరం 28 సెంటీమీటర్లు. సీటు కవర్లు వేయించి ఉంటే వాటి కింద కప్పబడిపోయి ఉండొచ్చు. మా కారులో ఐసోఫిక్స్ లేదనే అనుకున్నాం చాలా రోజులు, కవరు తీస్తే రెండు వైపులా కనిపించాయి.

ఐసోఫిక్స్‌లో ఉన్న లాభం ఏమిటంటే తప్పుగా బిగించడం కష్టం, టక్కుమని శబ్దం వస్తుంది, గుర్తు ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారుతుంది. బెల్టుతో కట్టే సీటు కూడా సరిగ్గా కడితే మంచిదే. ఐసోఫిక్స్ సీటుకి మూడో ఆధారం ఒకటి ఉంటుంది, వెనక నుంచి కట్టే పట్టీయో, నేల మీద ఆనే కాలో. కాలు ఉన్న రకమైతే కారు నేల కింద సామాను పెట్టుకునే డొల్ల మూత ఉందేమో చూడండి, ఆ మూత మీద కాలు ఆనకూడదు.

అమెరికాలో ఉన్న అన్నయ్య తెస్తానంటున్నాడు, తెప్పించుకోనా?

సాధారణంగా వద్దనే అంటాను. అక్కడి కార్లలో వెనక బెల్టుని పూర్తిగా బయటికి లాగి వదిలితే అది బిగుసుకుపోయి కదలకుండా నిలబడుతుంది, అక్కడి సీట్లు చాలావరకు దాని మీద ఆధారపడి చేసినవి. మన కార్ల బెల్టులు మామూలుగా బ్రేకు పడ్డప్పుడే బిగుసుకుంటాయి, మిగతా సమయంలో వదులుగా ఆడతాయి, అందుకని ఆ సీటు అటూ ఇటూ ఊగుతుంది. సీటులోనే బెల్టుని పట్టి ఉంచే క్లిప్ ఉన్న మోడల్ అయితే పర్లేదు. అన్నయ్యని ఇంకేదైనా అడగండి, పిల్లల బట్టలు అక్కడ బాగుంటాయి.

అక్క పిల్లలు వాడిన సీటు ఉంది, పెట్టుకోవచ్చా?

అక్కదైతే ఆలోచించొచ్చు, ఎందుకంటే అది ఎప్పుడైనా యాక్సిడెంట్‌లో ఉందా అని అడిగితే నిజం చెబుతుంది. సీటు అడుగున తయారైన తేదీ చూడండి, చాలా కంపెనీలు ఆరు నుంచి పదేళ్ల వరకే వాడమంటాయి. మన ఎండల్లో కారులో ఉండి ఉండి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పట్టీల అంచులు నూలు లేచి ఉన్నా, పగుళ్లు ఉన్నా, పుస్తకం లేకపోయినా వదిలెయ్యండి. ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర మాత్రం అస్సలు కొనొద్దు.

ఖరీదైనదే సురక్షితమా?

అలా ఏం లేదు. ఒకే ప్రమాణం స్టిక్కరున్న రెండు సీట్లూ ఒకే కనీస పరీక్ష దాటినవే. పై డబ్బులు ఎక్కువగా గుడ్డ మెత్తదనానికీ, ఐసోఫిక్స్‌కీ, గుండ్రంగా తిరిగే సదుపాయానికీ పోతాయి. ఆ తిరిగేది మాత్రం సిజేరియన్ అయినవాళ్లకి నిజంగా పనికొస్తుంది, కుట్లు పచ్చిగా ఉన్నప్పుడు వంగి మెలితిరిగి బిడ్డని లోపల పెట్టడం ఎంత నరకమో నాకు తెలుసు.

కారే కొత్తది కొందామనుకుంటున్నాం, పిల్లల కోసం ఏం చూడాలి?

భారత్ ఎన్‌క్యాప్ అని 2023 అక్టోబరు 1 నుంచి మన దేశంలోనే కార్లని గుద్దించి నక్షత్రాలు ఇస్తున్నారు. అందులో పిల్లల భద్రతకి 49 మార్కులకి వేరుగా లెక్క ఉంటుంది, ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల సైజు బొమ్మలు పెట్టి చూస్తారు. పెద్దవాళ్ల నక్షత్రాలు చూసి ఆగిపోకుండా ఆ రెండో లెక్క కూడా చూడండి.

## కారులో బిగించేటప్పుడు

ఏ వైపు పెట్టాలి?

వెనక సీట్లో ఎడమవైపు. మనం ఎడమ పక్కన బండి ఆపుతాం కాబట్టి ఫుట్‌పాత్ వైపు నిలబడి బిడ్డని తీయొచ్చు, వెనక నుంచి బైకు దూసుకొచ్చే భయం ఉండదు. మధ్యలో పెట్టడం మంచిదని చదివి ఉంటారు, పక్క నుంచి గుద్దే బండికి అది దూరం, నిజమే. కానీ చాలా కార్లలో ఐసోఫిక్స్ మధ్యలో ఉండదు, పాత కార్లలో మధ్యలో నడుముకి మాత్రమే పట్టే బెల్టు ఉంటుంది, అది పనికిరాదు. మధ్యలో వదులుగా కట్టిన సీటు కంటే పక్కన గట్టిగా కట్టింది నయం.

నేనొక్కదాన్నే డ్రైవ్ చేస్తాను, ముందు సీట్లో నా పక్కన పెట్టుకోవచ్చా?

ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో వెనక్కి చూసే సీటు పెట్టకూడదు, దీనికి మినహాయింపు లేదు. ఆ సంచి గంటకి 200 కిలోమీటర్లు దాటిన వేగంతో తెరుచుకుని సరిగ్గా బిడ్డ తల ఉన్న చోటే కొడుతుంది. మీ కారు ఎండ అడ్డుపెట్టే రెక్క దించి చూడండి, బిడ్డ సీటు మీద అడ్డగీత కొట్టిన బొమ్మ ఉంటుంది. వెనక పెడితే ఏడుపు వినిపిస్తుంది, మొహం కనిపించదు, అదే మీ బాధ అని తెలుసు. వెనక సీటు తలదిండుకి కట్టే అద్దం ఒకటి దొరుకుతుంది, బరువు లేనిదీ పగలనిదీ చూసి కొనుక్కోండి.

వెనక్కి చూస్తూ ఎందుకు కూర్చోవాలి? కాళ్లు ముడుచుకుని పాపం ఎలాగో ఉంది

పసిబిడ్డ ఒంట్లో తలే నాలుగో వంతు, మెడ ఎముకలు ఇంకా గట్టిపడలేదు. ముందుకి చూస్తూ ఉంటే గుద్దుకున్నప్పుడు ఒళ్లు పట్టీల దగ్గర ఆగిపోతుంది, తల మాత్రం ముందుకి విసిరినట్టు పోతుంది, భారమంతా మెడ మీదే. వెనక్కి చూస్తుంటే తల, మెడ, వీపు అన్నీ కలిపి సీటు లోపలికి ఒత్తుకుంటాయి. కాళ్ల సంగతా, పిల్లలు బాసింపట్టు వేసుకుని గంటలు గంటలు కూర్చోగలరు, ఇబ్బంది మన కళ్లకే.

గట్టిగా బిగిసిందని ఎలా తెలుస్తుంది?

బెల్టు దూరే చోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. రెండున్నర సెంటీమీటర్లకి మించి జరగకూడదు. పైభాగం పట్టుకుని ఊపితే ఎప్పుడూ ఊగినట్టే ఉంటుంది, అక్కడ చూడకండి. బిగించేటప్పుడు మోకాలితో సీటులోకి అదిమి, అప్పుడు బెల్టు లాగండి.

మాకు జరిగింది చెబుతాను. పాప పుట్టాక, సీటు కొన్న షాపులో కుర్రాడు ఎంతో ఓపిగ్గా కారు దాకా వచ్చి కట్టిపెట్టాడు, మేమూ సంతోషించి టీకి డబ్బులిచ్చాం. మూడు రోజుల తర్వాత రాత్రి పాలిస్తూ నిద్ర రాక ఆ పుస్తకం చదివితే తెలిసింది, వెనక్కి చూసేలా కట్టేటప్పుడు బెల్టు నీలం రంగు గుర్తుల్లోంచి పోవాలట, ఎర్రవి ముందుకి చూసే పద్ధతికి. పొద్దున్నే వెళ్లి చూస్తే సీటు వెనక్కే చూస్తోంది, బెల్టు మాత్రం ఎర్ర గుర్తుల్లో ఉంది. ఆ మూడు రోజుల్లో రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చాం. ఎవరు కట్టినా మీరు మళ్లీ చూసుకోండి.

సీటు పెడితే ముందు ఎవరూ కూర్చోలేకపోతున్నారు

చిన్న కార్లలో అంతే. ముందు ఎడమ సీటు బాగా ముందుకి జరపాల్సొస్తుంది, ఆరడుగుల మనిషైతే మోకాళ్లు డ్యాష్‌బోర్డుకి తగులుతాయి. అందుకే డబ్బు కట్టకముందు సీటుని మీ కారులో పెట్టి చూపించమని అడగండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే వాపసు తీసుకుంటారో లేదో చూసి కొనండి.

## హాస్పిటల్ నుంచి ఇంటికి, పుట్టింటి నుంచి అత్తింటికి

పొత్తిళ్లలో చుట్టి సీట్లో పడుకోబెట్టొచ్చా?

వద్దు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ బకిల్‌కి అందాలంటే కాళ్లు విడిగా ఉండాలి. పలచని కాటన్ చొక్కా, లాగు వేసి, పడుకోబెట్టి, పట్టీలు పెట్టి, అప్పుడు పైనుంచి దుప్పటి కప్పండి. స్వెటర్ మీద పట్టీలు బిగిస్తే బిగుతుగా ఉన్నట్టు అనిపిస్తుంది, గుద్దుకున్నప్పుడు ఆ ఉన్ని అణిగిపోయి మధ్యలో ఖాళీ వస్తుంది. భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిల్లి చూడండి, మడత చిక్కకపోతే సరిగ్గా ఉన్నట్టు. మొలతాడుకి వెండి బిళ్లో పూసో ఉంటే బకిల్ కింద పడకుండా పక్కకి జరపండి, మా పాపకి పొట్ట మీద ఎర్రగా అచ్చు పడితే ఏమిటా అని అరగంట వెతికాం, తీరా చూస్తే అదీ.

తల ముందుకి వాలిపోతోంది, పక్కన చిన్న దిండు పెట్టనా?

దిండ్లు, బయట కొన్న మెత్తలు ఏవీ పెట్టొద్దు, సీటుతో పాటు వచ్చినవే వాడాలి. పక్కకి వాలితే ఫర్వాలేదు, గడ్డం వచ్చి ఛాతీకి ఆనితేనే భయం, ఊపిరి గొట్టం నొక్కుకుపోతుంది, బిడ్డ ఏడవకుండానే ఊపిరి తగ్గిపోవచ్చు. అలా ఆనుతోందంటే సీటు మరీ నిటారుగా ఉందని అర్థం. వెనక్కి ఎంత వాలాలో చూపే గీతో బుడగో సీటు పక్కన ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే డిశ్చార్జికి ముందే మీ పిల్లల డాక్టరుని అడగండి.

విజయవాడ నుంచి హైదరాబాదుకి తీసుకురావాలి, మూడో నెల. ఎలా?

సుమారు 275 కిలోమీటర్లు, పెద్దవాళ్లకి ఐదు గంటలు, చంటిపిల్లతో ఏడు అనుకోండి. సీట్లో ఏకబిగిన రెండు గంటలకి మించి ఉంచకూడదు. మేము కోదాడలో ఒకసారి, సూర్యాపేటలో ఒకసారి, నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి ఆగాం. ఆగిన ప్రతిసారీ పాపని బయటికి తీసి, పాలిచ్చి, డైపర్ మార్చి, పది నిమిషాలు చాప మీద చదునుగా పడుకోబెట్టాం. కదిలే కారులో సీట్లోంచి తీసి పాలివ్వడం మాత్రం చెయ్యొద్దు, మా అమ్మ దారి పొడుగునా "ఒక్క రెండు నిమిషాలు తియ్యవే, ఎవరూ చూడరులే" అంటూనే ఉంది. వెనక పాప పక్కన ఒకరు కూర్చోవాలి. తెల్లవారుజామున బయలుదేరితే ఎండా తప్పుతుంది, పాపా నిద్రలోనే సగం దారి వస్తుంది. ఇల్లు చేరాక నిద్రలో ఉందని సీట్లోనే వదిలెయ్యకుండా మంచం మీదకి మార్చండి.

సీట్లో పెట్టగానే గుక్కపట్టి ఏడుస్తోంది

ముందు చూడాల్సినవి: పట్టీ మెలిక పడిందా, బకిల్ వేడిగా ఉందా, పాప వీపు చెమటతో తడిసిందా. ఇవేవీ కాకపోతే అలవాటు లేకపోవడమే. కారు కదలకుండా ఇంటి కిందే రోజూ పది నిమిషాలు కూర్చోబెట్టి కబుర్లు చెప్పండి. వారం, రెండు వారాలు పడుతుంది. ఏడుపు చూడలేక ఒకసారి తీశారా, ఎలా తీయించుకోవాలో ఆవిడకి తెలిసిపోతుంది.

ఎండాకాలంలో సీటు పెనంలా కాలుతోంది

కారు ఆపి దిగేటప్పుడు సీటు మీద తెల్ల తువ్వాలు కప్పి వెళ్లండి. ఎక్కేముందు ఏసీ వేసి ఐదు నిమిషాలు ఆగి, బకిల్ ఇనుము మీద అరచేతి వెనకభాగం పెట్టి చూశాకే బిడ్డని పెట్టండి. పెట్రోలు బంకులోనో మెడికల్ షాపు ముందో ఒక్క నిమిషమే కదా అని బిడ్డని కారులో వదిలి దిగొద్దు, కిటికీ కొంచెం దించినా లోపల వేడి తగ్గదు.

మేము డల్లాస్‌లో ఉంటాం, అమ్మ పురుడుకి ఇక్కడికే వస్తోంది. ఇక్కడ తేడా ఏంటి?

అక్కడ హాస్పిటల్‌వాళ్లే కారు సీటు ఉందా అని అడిగి గానీ పంపరు, కాబట్టి కొనాలా వద్దా అన్న చర్చే లేదు. అక్కడి సీట్లకి ఛాతీ మీద ఇంకో క్లిప్ ఉంటుంది, అది చంకల ఎత్తులో ఉండాలి, పొట్ట మీదకి జారకూడదు. అమ్మకి వచ్చిన మొదటివారమే బకిల్ పెట్టడం, తీయడం నేర్పించండి, గట్టిగా నొక్కాలి, వేళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం.

## స్ట్రోలర్

ఎప్పుడు కొనాలి?

తొందరేం లేదు. మొదటి మూడు నెలలు పుట్టింట్లో ఉంటారు, బయటికి వెళ్లేదే తక్కువ. ఐదారు నెలలు వచ్చి బిడ్డ మెడ నిలబెట్టాక, మీరు ఎక్కడ తిరుగుతారో మీకే తెలిశాక కొనండి. ముందే కొన్న మా ఫ్రెండు వాళ్ల స్ట్రోలర్ ఇప్పుడు బాల్కనీలో ఉతికిన బట్టలు మోస్తోంది. పుట్టినప్పటి నుంచే కావాలంటే పూర్తిగా చదునుగా పడుకోబెట్టేది తీసుకోండి, కూర్చున్నట్టు ఉండేది చంటిబిడ్డకి పనికిరాదు.

మన రోడ్ల మీద అసలు నడుస్తుందా?

నిజం చెప్పాలంటే అపార్ట్‌మెంటు ఆవరణలో, పార్కులో, మాల్‌లో, ఎయిర్‌పోర్టులో నడుస్తుంది. ఫుట్‌పాత్ మీద నాలుగడుగులకో కరెంటు స్తంభం, ఆరడుగులకో బజ్జీల బండి, మధ్యలో గోతులు. రోడ్డు మీద తిప్పాలంటే చక్రాలు పెద్దవిగా, కుదుపు ఆపే స్ప్రింగులతో ఉండాలి, అలాంటివి బరువెక్కువ. మా పార్కు దాకా మూడు వందల మీటర్లు, అందులో మూడు చోట్ల స్ట్రోలర్ ఎత్తి దాటించాలి. అందుకని తేలికది, ఏడు కిలోల లోపుది తీసుకున్నాం, ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు.

షాపులో ఏం చూసి కొనాలి?

ఒక చేత్తో మడవండి. ఇంకో చేతిలో బిడ్డ ఉంటుంది కాబట్టి రెండు చేతులూ కావాలంటే అది మీకు పనికిరాదు. మడిచింది మీ కారు డిక్కీలో పడుతుందో చూడండి, సీఎన్‌జీ సిలిండర్ ఉంటే మరీ జాగ్రత్త. మీ లిఫ్టు తలుపు వెడల్పు ఇంటి దగ్గరే కొలిచి రాసుకుని వెళ్లండి. పట్టీలు ఐదు చోట్ల పట్టేవి ఉండాలి, నడుముకి మాత్రమే ఉంటే బిడ్డ కిందకి జారుతుంది. బ్రేకు చెప్పులేసుకున్న కాలితో పడాలి, తీయగలగాలి. హ్యాండిల్‌కి సామాన్ల సంచి తగిలించే అలవాటుంటే మానుకోండి, పాపని దించగానే బండి వెనక్కి బోర్లా పడుతుంది.

కారు సీటు స్ట్రోలర్ మీద తగిలించే సెట్టు కొనమంటున్నారు

చూడ్డానికి బాగుంటుంది, బుట్ట సీటు పనికొచ్చే ఆ ఏడాదే దాని సుఖం. క్యాబుల్లో తిరిగేవాళ్లకీ, ఒక్కళ్లే బిడ్డతో వెళ్లేవాళ్లకీ డబ్బులు గిట్టుబాటవుతాయి. మిగతావాళ్లు విడివిడిగా కొనుక్కోవచ్చు. ఆ సీటుని తగిలించి గంటలకొద్దీ మాల్‌లో తిప్పడం మాత్రం వద్దు, అందులో బిడ్డ ముడుచుకునే ఉంటుంది.

ఎండకి పైన చున్నీ కప్పితే?

గాలి ఆడదు, లోపల ఉడికిపోతుంది. స్ట్రోలర్ గొడుగు వేసి, పక్కలు తెరిచి, నీడలో నడవండి.

విమానంలో తీసుకెళ్లనిస్తారా?

చాలా విమాన సంస్థలు విమానం తలుపు దాకా తోసుకెళ్లనిచ్చి అక్కడ తీసుకుంటాయి, దిగాక ఎక్కడ ఇస్తారో మాత్రం ముందే అడగండి. చెక్-ఇన్ దగ్గరే ట్యాగు వేయించుకోండి, కింది బుట్టలో ఉన్న చిన్నాచితకా ముందే తీసెయ్యండి.

## ఏడాది దగ్గరపడ్డాక

ముందుకి ఎప్పుడు తిప్పాలి? పాప తొమ్మిది కిలోలు దాటింది

తొమ్మిది కిలోలు అనేది పాత ప్రమాణంలో అనుమతి మొదలయ్యే బరువు, తిప్పి తీరాల్సిన బరువు కాదు. మన బొద్దు పిల్లలు కొందరు పది నెలలకే అది దాటేస్తారు, మెడ మాత్రం పది నెలల మెడే. కొత్త ఆర్129లో పదిహేను నెలల లోపు తిప్పడానికి వీల్లేదు. మీ సీటు ఎంత బరువు, ఎంత ఎత్తు దాకా వెనక్కి చూడనిస్తే అంతవరకూ అలాగే ఉంచండి. మేము రెండేళ్లు నిండాక తిప్పాం. వెనక అద్దంలోంచి లారీలు చూడ్డం పోయిందని వారం రోజులు అలిగింది.

చిన్న యాక్సిడెంట్ అయింది, సీటుకి ఏం కాలేదు. అదే వాడొచ్చా?

పార్కింగులో గీసుకుంటే సరే. గట్టిగా గుద్దుకుని కారుని లాక్కెళ్లాల్సి వచ్చినా, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నా సీటు మార్చెయ్యాలి, లోపలి పగులు పైకి కనిపించదు. అప్పుడు బిడ్డ అందులో లేకపోయినా అంతే. కారు బీమాలో సీటు ఖర్చు ఇస్తారేమో అడిగి చూడండి.

పాలు కక్కింది, నూనె మరకలు, వాసన. ఎలా ఉతకాలి?

గుడ్డ కవరు విప్పి ట్యాగు మీద రాసినట్టు ఉతకండి, నీడలో ఆరెయ్యండి. విప్పేముందు ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోకపోతే మళ్లీ తొడగడం రాదు. పట్టీలని మాత్రం నీళ్లలో నానబెట్టొద్దు, మెషీన్లో వెయ్యొద్దు, బ్లీచింగ్ వద్దు, తడిగుడ్డకి కాస్త సబ్బు నురగ రాసి తుడిస్తే చాలు. బకిల్‌లోకి బిస్కెట్ పొడి పోయి టక్కుమనడం మానేస్తే తలకిందులుగా పట్టుకుని కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి ఆడించండి, నూనె వెయ్యొద్దు. మా నాన్నగారు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేసిపెట్టారు ప్రేమగా, దానికి దుమ్ము పట్టి మూడో రోజుకి బకిల్ పూర్తిగా బిగుసుకుపోయింది.